సాయం వచ్చేలోపు: వరదకీ తుఫానుకీ ఊరిని సిద్ధం చేసుకునే పద్ధతి

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుఫాను తాకినప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఆ రాత్రి అనగానే ముందు గుర్తొచ్చేది కొబ్బరి చెట్లు మధ్యకి విరిగే చప్పుడే. తెల్లారి తలుపు తీస్తే వీధి కనపడలేదు, చెట్ల మీద చెట్లు పడి ఉన్నాయి. మండల కేంద్రానికి వెళ్ళే రోడ్డు మూడు రోజులకి గానీ తెరుచుకోలేదు.

మా వీధి చివర తాటాకింట్లో ఒక మామ్మగారు ఒంటరిగా ఉండేవారు. ఆవిడ తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయి ఉంటారని మేం అనుకున్నాం. మా డాబాలోకి వచ్చేసి ఉంటారని తమ్ముడింటివాళ్ళు అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం కూలిన కప్పు కింద దొరికారు. బతికారు గానీ మళ్ళీ నడవలేదు. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఏడిళ్ళే.

ఆ ఏడిళ్ళలో ఆవిడంటే ఇష్టం లేనివాళ్ళు ఒక్కరూ లేరు. కానీ ఆవిడని తీసుకురావడం ఫలానావారి పని అని ఎవరికీ అప్పజెప్పలేదు. ఎవరో ఒకరు వెళ్ళి ఉంటారులే అనుకున్నాం. తర్వాత నేను చూసిన ప్రతి వరదలో, ప్రతి గాలివానలో మనుషులకి దెబ్బ తగిలింది ఎక్కువగా ఈ అనుకోవడం దగ్గరే. అందుకే కింద చెప్పేదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఎవరి తలుపు ఎవరు తట్టాలి?

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. అప్పట్లో ఊళ్ళకి హెచ్చరిక అందే దారే సరిగా లేదు. ఇప్పుడు తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందే తెలుస్తోంది, తీరంలో తుఫాను షెల్టర్లు ఉన్నాయి, జాతీయ విపత్తు సహాయ దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) బృందాలు ముందే వచ్చి కూర్చుంటున్నాయి. చావులు బాగా తగ్గాయి. అయినా ఒక్కసారిగా వందల ఊళ్ళు మునిగితే ఎంత పెద్ద యంత్రాంగమైనా అన్నిచోట్లకీ అదే రోజు రాలేదు. మొదటి మూడు రోజులు ఊరికి ఊరే దిక్కు అనుకుని లెక్క వేసుకోవాలి. సాయం ముందే వస్తే సంతోషం.

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను, నాకు తెలిసింది అదే. పట్నంలో కాలనీల సంగతి కూడా ఒకచోట చెప్పాను.

1. మే నెలలో పది మందిని కూర్చోబెట్టండి

గోదావరి వరద జులై నుంచి సెప్టెంబరు మధ్య వస్తుంది. తుఫాన్ల కాలం ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు, మేలో కూడా వస్తాయి. కాబట్టి ఎండలు ముదిరి, పొలం పనులు లేని మే మొదటి వారం దీనికి సరైన సమయం.

కమిటీ అని పేరు పెట్టి అధ్యక్షుడినీ కార్యదర్శినీ ఎన్నుకోవడంతో మొదలుపెట్టకండి. పదవి వచ్చిందంటే పార్టీ వస్తుంది, పార్టీ వస్తే సగం ఊరు రాదు. ముందు పని తెలిసినవాళ్ళని పిలవండి. ఆశా వర్కరు, అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సంఘాల లీడర్లు ఇద్దరు, కరెంటు పని తెలిసిన కుర్రాడు, ట్రాక్టరు ఉన్న రైతు, పడవ నడిపే మనిషి, కిరాణా కొట్టు ఆయన, బడి మాస్టారు. గుడి పూజారి, చర్చి పాస్టరు, మసీదు ఉంటే ఇమాం కూడా. ఆపద రాత్రి జనం పరుగెత్తేది ఆ చోట్లకే, మైకులు ఉండేవీ అక్కడే. సర్పంచిగారినీ పంచాయతీ కార్యదర్శినీ వీఆర్‌వోనీ పిలిచి, ఈ పని వాళ్ళకి చేదోడుగా చేస్తున్నదేనని ముందే చెప్పండి. రేపు షెల్టరు తాళం, బియ్యం, లెక్కలు అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే నడవాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఊరి చివర పేటల నుంచి, చెరువు గట్టున గుడిసెల నుంచి, లంకలో ఉండే కుటుంబాల నుంచి మనుషులు లేకపోతే ఆ సమావేశం వాయిదా వేయండి. నీళ్ళు ముందు వచ్చేది వాళ్ళ ఇళ్ళలోకే. వాళ్ళు లేకుండా రాసుకున్న ప్రణాళిక డాబాలున్నవాళ్ళ ప్రణాళిక అవుతుంది.

2. ఊరిని ముగ్గుతో నేల మీద గీయండి

కాగితం మీద పటం గీస్తే చదువుకున్నవాళ్ళే మాట్లాడతారు. బడి ఆవరణలో నేల మీద ముగ్గుపిండితో గీయండి. వీధులు, కాలువ, ఏటిగట్టు, చెరువు, బడి, గుడి. అరగంటలో ఆడవాళ్ళు ముగ్గు గిన్నె అందుకుని తప్పులు సరిదిద్దడం మొదలుపెడతారు. మా దగ్గర అలాగే జరిగింది. మగవాళ్ళం మర్చిపోయిన రెండు సందుల్ని, ఒక బోరునీ మా పిన్ని గీసింది.

తర్వాత పెద్దవాళ్ళని అడగండి: 1986 ఆగస్టు వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. ఈ రెండు వరదల్నీ చూసినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు. "రామాలయం రెండో మెట్టు దాకా", "సావిడి అరుగు మునిగింది" అని వాళ్ళు చెప్పే గుర్తులు ఏ మ్యాపులోనూ దొరకవు. ఆ గీతని నీలం రంగు పిండితో వేయండి. ఆ గీత లోపల ఉన్న ఇళ్ళన్నీ ముందుగా కదలాల్సినవి.

ఇంకా గుర్తు పెట్టాల్సినవి: గట్టి స్లాబు ఉన్న ఇళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎత్తు మీద ఉన్న బోర్లు, రోడ్డు మీదకి వంగిన చెట్లు, గట్టులో ఎప్పుడూ ఊట కనిపించే చోటు, వాన పడితే ముందు మునిగే తూము, పడవ ఆగే రేవు. అంతా అయ్యాక డాబా ఎక్కి ఫోటో తీసి, దాన్ని చూసి ఒక పెద్ద అట్ట మీద ఎక్కించి ఊరి సచివాలయంలో తగిలించండి.

3. ఇంటింటి పుస్తకం

మిగతావన్నీ సగం సగం చేసినా ఈ ఒక్కటి పూర్తిగా చేయండి.

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొనండి. ఊరిని అయిదారు ఇళ్ళ గుంపులుగా విడగొట్టండి. ప్రతి గుంపుకీ ఒక మనిషి, ఆ మనిషి ఊళ్ళో లేకపోతే ఇంకొక మనిషి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, ఒకే చోట పనిచేసేవాళ్ళు కూడా కాకూడదు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ బస్సులో పొద్దున వెళ్ళి రాత్రి వస్తుంటే పగలు ఆ గుంపుకి దిక్కెవరు? అందుకే ఇద్దరిలో ఒకరు పగలు ఊళ్ళోనే ఉండే ఆడమనిషి అయితే మంచిది.

ప్రతి ఇంటికీ రాయాల్సినవి ఇవి. ఎంతమంది, వాళ్ళలో పిల్లలెందరు, ముసలివాళ్ళెందరు. ఇల్లు తాటాకా, పెంకా, రేకులా, స్లాబా. నెలలు నిండుతున్న గర్భిణి ఉంటే పురుడు తేదీ. మంచం మీద ఉన్నవాళ్ళు, కళ్ళు కనపడనివాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, రోజూ బీపీ, మూర్ఛ, మానసిక ఆరోగ్యం మందులు వాడేవాళ్ళు. పశువులు ఎన్ని. ఈత వచ్చినవాళ్ళు ఎవరు. దూరాన ఉన్న కొడుకుదో కూతురిదో ఒక ఫోను నంబరు. హైదరాబాదులోనో దుబాయిలోనో ఉన్న ఆ ఒక్కరికి కబురందితే బంధువులందరికీ అదే చేరుతుంది, ఊళ్ళో ఫోన్ల మీద భారం తగ్గుతుంది.

ఒక పేజీ ఇలా ఉంటుంది. "నాలుగో గుంపు, మూడో ఇల్లు. రేకుల కప్పు. ముగ్గురు. తాతగారికి 81, కర్ర మీద నడుస్తారు, కుడి చెవి వినపడదు, తలుపు కొడితే పలకరు, కిటికీ దగ్గర పిలవాలి. రెండు గేదెలు. తీసుకెళ్ళాల్సింది పక్కింటి వెంకన్న, లేకపోతే ఎదురింటి మరియమ్మ. ఎక్కడికి: హైస్కూలు కింద గది, మెట్లు ఎక్కలేరు." ఇంత వివరంగా రాస్తేనే చీకట్లో, గాలిలో, కంగారులో పనికొస్తుంది. "వృద్ధులు 1" అని రాస్తే జనాభా లెక్క అవుతుంది.

జబ్బుల వివరాలు ఊరందరి కంటపడకూడదు. ఆ పేజీలు ఆశా వర్కరు దగ్గర ఉండే ప్రతిలోనే ఉంచండి. మిగతా ప్రతుల్లో "ముందు తీసుకెళ్ళాలి" అని చాలు. మొత్తం మూడు ప్రతులు, ఒక్కోటీ వేరే వేరే ఇళ్ళలో, ప్లాస్టిక్ సంచిలో, అటక మీద. ఫోనులో మాత్రమే పెట్టుకోకండి. ఛార్జింగ్ అయిపోయాక ఆ జాబితా లేనట్టే.

ఇతర జిల్లాల నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి రొయ్యల చెరువుల దగ్గరా ఇటుక బట్టీల దగ్గరా పనికొచ్చినవాళ్ళు ఏ జాబితాలోనూ ఉండరు. చెరువు కాపలా పాక కూడా ఒక ఇల్లేనని రాయండి.

4. హెచ్చరికని పనిగా మార్చండి

వాతావరణ శాఖ తుఫాను సంగతి అంచెలంచెలుగా చెబుతుంది. దాదాపు 72 గంటల ముందు ముందస్తు సమాచారం. తీరం మీద ప్రతికూల వాతావరణం మొదలయ్యే 48 గంటల ముందు అప్రమత్తత, అది పసుపు రంగు. 24 గంటల ముందు హెచ్చరిక, అది నారింజ. 12 గంటల ముందు ఎర్ర రంగు, తీరం దాటాక లోపలి ప్రాంతాల్లో ఏమవుతుందో కూడా అందులో ఉంటుంది. వరదకైతే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు.

ఈ అంకెలు టీవీలో రోజంతా వినపడతాయి. జనం వింటారు, మళ్ళీ పనిలో పడతారు. ఒక్కో అంకెకీ మన ఊళ్ళో ఒక్కో పని కట్టేయాలి.

పసుపు వినగానే: మంచినీళ్ళ ట్యాంకు నింపడం, ట్రాక్టర్లలో డీజిలు, షెల్టరు తలుపు తీసి చూడడం, వేటకి వెళ్ళిన పడవలకి కబురు, కోసిన వరి పనలు కుప్ప వేయడం, నెలలు నిండిన గర్భిణుల్ని ఆసుపత్రి ఉన్న ఊళ్ళో బంధువుల ఇంటికి చేర్చడం. ఈ చివరి పనిని నారింజ దాకా ఆపకండి, అప్పటికి 108 వాహనానికి ఎన్నో పిలుపులు ఉంటాయి. నారింజ వచ్చిందంటే నీలం గీత లోపలివాళ్ళు, తాటాకు, రేకుల ఇళ్ళవాళ్ళు వెలుతురుండగానే కదలాలి. ఎరుపు వచ్చాక కదిలించడం ఉండదు. తలుపులు బిగించుకుని, మెయిన్ స్విచ్ కట్టేసి లోపల ఉండడమే.

మైకులో ఏం చెప్పాలో ముందే రాసిపెట్టుకోండి. "ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "నాలుగో గుంపువాళ్ళు సాయంత్రం నాలుగింటికి హైస్కూలుకి రావాలి. మందులు, కళ్ళజోడు, ఆధార్, పాస్‌బుక్కు, దుప్పటి తెచ్చుకోండి. పశువుల పలుపులు విప్పేయండి" అని చెప్పాలి. అదే మాట మూడుసార్లు, తెలిసిన గొంతుతో. మైకు వినపడని చోటుకి డప్పు, డప్పు వినపడనివారికి మనిషి.

వాట్సాప్‌లో తిరిగే గట్టు తెగిన వార్తలు నిజమో కాదో చెప్పడానికి ఒకే మనిషి ఉండాలి. ఆ మనిషి వీఆర్‌వోతోనో కంట్రోల్ రూముతోనో మాట్లాడి చెప్పిందే వార్త. అత్యవసర సాయానికి 112, అంబులెన్సుకి 108, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077, కరెంటుకి 1912, ఈ నంబర్లు గోడ మీద పెయింటుతో రాయించండి.

తుఫాను కన్ను సంగతి పిల్లలక్కూడా నేర్పాలి. గాలి ఉధృతంగా వీచి వీచి ఒక్కసారి ఆగిపోతుంది, కొన్నిసార్లు చుక్కలు కూడా కనపడతాయి. అయిపోయిందని బయటికి వెళతారు. కాసేపటికి అంతే బలంతో ఎదురు దిక్కు నుంచి గాలి వస్తుంది. మొదటి గాలికి వదులైన చెట్లూ గోడలూ రెండో గాలికి పడతాయి. అధికారికంగా తుఫాను దాటిందని చెప్పేదాకా గడప దాటకూడదు.

5. తలదాచుకునే చోటుని ముందే కొలవండి

షెల్టరు ఉందని తెలిస్తే చాలదు. టేపు పట్టుకుని వెళ్ళండి. మనిషికి మూడున్నర చదరపు మీటర్లు ఉండాలనేది ప్రపంచమంతా సహాయ శిబిరాల్లో వాడే లెక్క. అంటే 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు హాల్లో రోజుల తరబడి ఉండాలంటే 57 మంది. ఒక్క రాత్రి కూర్చుని గడపడానికి ఇంకా ఎక్కువమంది పడతారు, కానీ వరద వారం నిలిస్తే? అందుకే రెండో చోటు, మూడో చోటు ముందే అడిగి పెట్టుకోవాలి. డాబా ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి "మీ ఇంట్లో ఎంతమందిని ఉంచుకోగలరు" అని మేలో అడిగితే పదిమంది అంటారు, పేర్లు కూడా రాయిస్తారు. అర్ధరాత్రి వానలో అడిగితే మొహమాటమో భయమో అడ్డొస్తుంది.

మేం మొదటిసారి రిహార్సల్ చేసినప్పుడు షెల్టరు తాళం దొరకలేదు. తాళం ఉన్నాయన పెళ్ళికి వెళ్ళారు. నలభై మంది మెట్ల మీద గంటసేపు కూర్చున్నారు. అది ఎండలో, ఉత్తుత్తి రిహార్సల్ కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి తాళాలు మూడు, మూడిళ్ళలో.

ఆడవాళ్ళు షెల్టరుకి రామని భీష్మించడానికి పెద్ద కారణం మరుగుదొడ్డి. తలుపుకి గడియ ఉందా, లోపల దీపం ఉందా, నీళ్ళు ఉన్నాయా, మగవాళ్ళు పడుకునే చోటు దాటి వెళ్ళాలా? ఈ నాలుగూ సరిచేస్తే సగం మొండితనం పోతుంది. శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల తల్లులకి తెర కట్టిన మూల కూడా. కులాలవారీగా గదులు పంచే ప్రయత్నం ఎక్కడైనా కనపడితే మొగ్గలోనే ఆపాలి. ఆ పని మే నెల సమావేశంలోనే, పెద్దవాళ్ళ నోటితోనే చెప్పించండి.

6. నీళ్ళు, అన్నం

తాగడానికి మనిషికి రోజుకి మూడు లీటర్లకి తగ్గకుండా, అన్ని అవసరాలకీ కలిపి 15 లీటర్లు. రెండు వందల మందికి మూడు రోజులకి తాగునీళ్ళే 1,800 లీటర్లు, అన్నీ కలిపితే 9,000. కరెంటు పోతే మోటారు ఆడదు కాబట్టి పసుపు హెచ్చరికకే ట్యాంకులు, డ్రమ్ములు, కడిగిన బిందెలు నిండాలి. ఊళ్ళో కనీసం రెండు చేతిపంపులు బాగు చేయించి పెట్టుకోండి. మోటార్లు వచ్చాక వాటిని మర్చిపోయాం.

వరద నీళ్ళు చేరిన బావిని తోడి, బ్లీచింగ్ పౌడరు కలిపాకే వాడాలి. మామూలు రోజుల్లో మంచి నాణ్యమైన పౌడరు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. బావి రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు నీళ్ళుంటే అందులో సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. వరద తర్వాత రెట్టింపు వేయాలి. పౌడరుని నేరుగా బావిలో పోయకండి. బకెట్టులో కలిపి, సున్నపు మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళని వేరే బకెట్టులో తీసుకుని, ఆ బకెట్టుని తాడుతో బావిలోకి దింపి పైకీ కిందికీ ఆడించాలి. కనీసం గంట ఆగాలి. ఆ తర్వాత ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) దగ్గర ఉండే పరీక్ష సామాగ్రితో క్లోరిన్ చూడండి, లీటరుకి అర మిల్లీగ్రాము కనపడాలి. పాత సంచీలో బూజు పట్టిన పౌడరు పనిచేయదు, ప్రతి ఏడూ కొత్తది కొనాల్సిందే.

అన్నం విషయంలో మన ఊళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్ళిళ్ళ వంట చేసేవాళ్ళు, గుండిగలు, గాడిపొయ్యి తవ్వే చోటు, ఎండు కట్టెలు, అన్నీ ఉన్నాయి. కావాల్సింది సరుకు ఒప్పందం. కిరాణా ఆయనతో ముందే మాట్లాడి, హెచ్చరిక రాగానే రెండు బస్తాల బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, కొవ్వొత్తులు పక్కన పెట్టేలా, డబ్బు నెలలోపు సంఘం కట్టేలా కాగితం రాసుకోండి. మొదటి రోజుకి అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగపప్పు, బిస్కెట్లు. పసిపిల్లలకి పాలపొడి కన్నా తల్లిపాలే క్షేమం, కలుషితమైన నీళ్ళలో కలిపిన పాలపొడి విరేచనాలు తెస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అంగన్‌వాడీలో ఉండాలి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. రెండూ టీ చెంచాతో, తలకొట్టినట్టు సమంగా కొలవాలి.

7. పనిముట్లు, కరెంటు, కబురు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనూ కరెంటు లేక రోజుల తరబడి ఏటీఎంలు పనిచేయలేదు, ఫోన్లు మోగలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. పాల ప్యాకెట్టు దొరకడమే గగనమైంది. అప్పటికన్నా ఇప్పుడు మనం ఫోను మీద ఇంకా ఎక్కువ ఆధారపడ్డాం. ఇంట్లో వారానికి సరిపడా చిన్న నోట్లు ఉంచుకోండి.

ఊరి సామాను ఒకే గదిలో, గోడకి తగిలించి ఉండాలి: గొడ్డళ్ళు, కత్తులు, పార, గునపం, కొబ్బరి తాళ్ళు, మోకులు, గాలి నింపిన లారీ ట్యూబులు, బరకాలు, ఖాళీ ఇసుక సంచులు, టార్చిలైట్లు, బ్యాటరీ రేడియో, స్ట్రెచరు. పెట్రోలు రంపం ఒకటి ఉంటే కొబ్బరి చెట్లు పడిన రోడ్డు రోజుల్లో కాకుండా గంటల్లో తెరుచుకుంటుంది. అది నడపడం వచ్చినవాళ్ళు ఇద్దరైనా ఉండాలి, రానివాళ్ళు పట్టుకోకూడదు. తీగల మీద పడ్డ చెట్టుని లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపానని చెప్పేదాకా ముట్టుకోకండి. ఊళ్ళో కరెంటు పోయింది కదా అని తీగ చచ్చిందనుకోవద్దు, ఎవరో జెనరేటరు వేస్తే వెనక్కి పారుతుంది.

ఫోన్లు పోతే కబురు మోసేది మనిషే. ఏ దారిలో, ఎవరు, ఎక్కడికి వెళ్ళి ఏం చెప్పాలో రాసిపెట్టండి. ఇద్దరు కలిసి వెళ్ళాలి. పారే నీళ్ళు మోకాలి దాకా ఉంటే దాటకూడదు.

8. పశువులు, పంట, పడవలు

గొడ్డుని వదిలి రానని ఆగిపోయినవాళ్ళు ఎందరో పోయారు. వాళ్ళది మొండితనం అనకండి, పాడి గేదె అంటే ఆ ఇంటి నెల జీతం. ఎత్తయిన దిబ్బ ఒకటి పశువులకని ఎంచి, గడ్డి అక్కడికి ముందే చేరిస్తే మనుషులు కదులుతారు. తీసుకెళ్ళలేకపోతే కట్టు విప్పేసి రావాలి, కట్టేసిన పశువు మునుగుతుంది, విప్పిన పశువు ఈదుతుంది. చెవి పోగు నంబరూ ఫోటో దాచుకోండి, పరిహారానికి కావాలి.

పంటకి ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో నమోదు తప్పనిసరిగా చేయించండి, కౌలు రైతులైతే మరీ. 33 శాతానికి పైగా పంట పోతేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది కాబట్టి నీళ్ళు నిలిచిన మొదటి రోజు నుంచి రోజుకో ఫోటో తీయండి. బోట్లని ఒడ్డుకి లాగి ఒకదానికొకటి తగలకుండా కట్టాలి. 1996లో భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల నుంచి వేటకి వెళ్ళి తిరిగిరానివాళ్ళని ఆ కుటుంబాలు ఇంకా మర్చిపోలేదు. ఎవరు ఏ బోటులో ఎన్ని రోజులకని వెళ్ళారో రేవులో ఒక పలక మీద రాసే అలవాటు పెట్టండి.

9. గట్టూ, మురుగు కాలువా

ఏటిగట్టుని వరద రోజు చూస్తే లాభం లేదు. ఎండాకాలంలో నడిచి చూడాలి. ఎలుక బొరియలు, చెట్ల వేళ్ళు, ట్రాక్టర్ల కోసం తవ్విన దారులు, మట్టి తీసిన గోతులు. వరద వచ్చాక గట్టు వెనక పక్క ఊటలో తేటనీళ్ళు వస్తుంటే కంగారు తక్కువ, మట్టి కలిసిన నీళ్ళు వస్తుంటే లోపల బుంగ పెరుగుతోందని అర్థం. వెంటనే అధికారులకి చెప్పి, ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చాలి. బుంగని పైన అదిమి మూసేస్తే నీరు పక్క నుంచి తన్నుకొస్తుంది. రాత్రి కాపలాకి ఇద్దరిద్దరు, నాలుగేసి గంటలు.

గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువ సంగతి ఎవరికీ పట్టదు. మన పొలాలు రోజుల తరబడి మునిగి ఉండేది చాలాసార్లు దానివల్లే. జూన్ లోపు తీయించమని డ్రైనేజీ శాఖకి ఊరంతా సంతకాలు చేసిన అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. కాలువ పోరంబోకులో కట్టిన గోడ మనవాళ్ళదే అయినా మాట్లాడాలి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. అయినా వేరే దారి లేదు.

10. పట్నంలో కాలనీలకి

2024 సెప్టెంబరు 1న బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల నీట మునిగింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఇళ్ళలోకి వచ్చింది. పల్లెలో ఎవరింట్లో ఎవరున్నారో ఒకరికొకరికి తెలుసు. అపార్టుమెంటులో ఎదురు తలుపు పేరు కూడా తెలియదు. కాబట్టి పట్నంలో ఇంటింటి పుస్తకం ఇంకా ముఖ్యం. ఒక్కో అంతస్తుకీ ఒక మనిషి. కింది అంతస్తువాళ్ళు ఏ ఇంట్లోకి వెళతారో పేరుతో సహా. సెల్లారులోనూ మెట్ల కింద గదిలోనూ ఉండే వాచ్‌మన్ కుటుంబం ఆ పుస్తకంలో మొదటి పేజీ. సంపులోకి మురుగు చేరితే పై ట్యాంకుకి ఎక్కించవద్దు, ముందే నింపి వాల్వు కట్టేయాలి. లిఫ్టు పై అంతస్తులో ఆపి స్విచ్ తీసేయాలి. మీటర్ల పెట్టె నేలకి దగ్గరగా ఉంటే ఈ ఏడే పైకి ఎత్తించండి.

11. ఏడాదికి రెండు రిహార్సళ్ళు

జూన్‌లో ఒకటి వరదకి, సెప్టెంబరులో ఒకటి తుఫానుకి. ఒకటి చీకట్లో చేయండి. మైకు పెట్టిన క్షణం నుంచి చివరి మనిషి షెల్టరులో కూర్చునేదాకా గడియారం పెట్టుకోండి. పుస్తకం తెరిచి పేరు పేరునా పిలవండి. రానివాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్ళాలో ఆ పేజీలోనే ఉంది, వాళ్ళని అడగండి. ఎవరినీ తిట్టొద్దు, ఏం అడ్డొచ్చిందో మాత్రం రాసుకోండి. మొదటిసారి అంతా గందరగోళంగా ఉంటుంది. మూడోసారికి పిల్లలే పెద్దవాళ్ళని తరుముతారు.

డ్వాక్రా సంఘాలు నెలకి ఇంటికి పది రూపాయలు ఆపదల నిధిగా వేరే ఖాతాలో వేస్తే, మూడు వందల ఇళ్ళ ఊరికి ఏడాదిలో 36,000. బ్లీచింగుకీ డీజిలుకీ బరకాలకీ అది చాలు. లెక్క ప్రతి నెలా సావిడి గోడ మీద అంటించాలి.

12. నీళ్ళు తీశాక

మొదటి పని పుస్తకంతో మళ్ళీ ఇంటింటికీ. అందరూ ఉన్నారా, ఎవరికి ఏమైంది. రెండోది పాములు. తడిసిన పరుపులు, బట్టల మూటలు కర్రతో కదిపాకే చేయి పెట్టాలి. కరిస్తే కోయకూడదు, కట్టు బిగించకూడదు, నోటితో పీల్చకూడదు, నాటు వైద్యం అని కాలయాపన చేయకూడదు. కరిచిన చేయో కాలో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అది ఏ ఆసుపత్రిలో ఉందో మేలోనే అడిగి గోడ మీద రాయండి.

తడిసిన స్విచ్చులు ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు. కాళ్ళకి పుళ్ళున్నవాళ్ళు బురదలో దిగకుండా చూడండి. జ్వరం వస్తే వరద జ్వరమేలే అనుకోకుండా పరీక్ష చేయించండి. బురద ఎత్తేముందు ప్రతి ఇంటినీ లోపలా బయటా ఫోటో తీయండి, శుభ్రం చేశాక నష్టం లెక్క కట్టేవాళ్ళకి చూపించడానికి ఏమీ మిగలదు. జాబితాలో పేరు రానివాళ్ళ తరఫున అర్జీ రాసే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి.

కొందరు మాట్లాడరు. వాన చప్పుడుకి లేచి కూర్చుంటారు, పొలం వైపు వెళ్ళరు. 1996 తర్వాత మా నాన్న రెండేళ్ళు అలాగే ఉన్నారు. మాకెవరికీ అది జబ్బని తెలియలేదు. ఆ ఇళ్ళకి వారానికోసారి ఎవరైనా వెళ్ళి కూర్చోవాలి, అవసరమైతే 14416కి ఫోను చేయాలి, అది టెలీమానస్ అనే ఉచిత ప్రభుత్వ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరు వెళ్ళాలన్నది కూడా పుస్తకంలో ఆ ఇంటి పేజీలోనే రాయండి.

పది రోజులకి అందరూ మళ్ళీ బడి ఆవరణలో కూర్చుని, ఎక్కడ ఏది అందలేదో ఒక్కో పేజీ తిప్పుతూ చెప్పుకోవాలి. ఎవరింటికి ఎవరూ వెళ్ళలేదో ఆ పేజీ దగ్గర ఆగి, అక్కడికక్కడే కొత్త పేరు రాసి, ఆ మనిషి చేత సంతకం పెట్టించుకోండి.